నేను తప్ప ఎవరూ చూడరమ్మా

జూన్ 16, సోమవారం

రాక్‌లన్నీ తీసేశారు. నేను వెళ్ళేసరికి గోడల మీద వాటి అచ్చులు మాత్రం మిగిలాయి. పంతొమ్మిదేళ్ళుగా రాక్‌ల వెనక ఎవరూ రంగు వెయ్యలేదు కాబట్టి అక్కడక్కడ పాత ఆకుపచ్చ కనబడుతోంది. పుస్తకాలు ప్లాస్టిక్ తాళ్ళతో కట్టలు కట్టి మెట్లకింద గదిలో పడేశారు. సర్దారు అని రాయాలేమో. పడేశారు.

ప్రిన్సిపాల్ జ్ఞానప్రసూనాంబ గారు పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటేనే భయం వేసింది.

"లైబ్రరీ అనే మాటే పాతబడిపోయిందండీ విక్టోరియా గారూ. ఇక నుంచి అది వెల్‌నెస్ రూమ్. పిల్లల మనసు బాగుంటే మార్కులు వాటంతటవే వస్తాయి. మీరు లైబ్రేరియన్ కాదు, వెల్‌నెస్ కోఆర్డినేటర్."

అంటే ఉద్యోగం ఉంది. ఆవిడ చెప్పినదాంట్లో నాకు వినబడింది అదొక్కటే.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్వారు. "మా కరెంటాఫీసులోనూ లైన్‌మన్‌ని ఎనర్జీ అసిస్టెంట్ అన్నారు. ఎక్కే స్తంభం మాత్రం అదే."

జూన్ 19

విజయవాడ నుంచి ఒకతను వచ్చి ట్రైనింగ్ ఇచ్చాడు. ఒక్కపూట. యాప్ పేరు 'చిరునవ్వు'. రోజూ ఉదయం ప్రతి పిల్లా ట్యాబ్‌లో ఐదు బొమ్మల్లో ఒకటి నొక్కాలి. నవ్వే బొమ్మ ఒక చివర, ఏడ్చే బొమ్మ ఇంకో చివర. శుక్రవారం శుక్రవారం ఒక ప్రశ్న వస్తుంది, దానికి జవాబు రాయాలి. అన్నీ నా లాప్‌టాప్‌లో కనబడతాయి.

"రిపోర్టులు ఆటోమేటిక్‌గా వెళ్ళిపోతాయండీ, మీరేం చెయ్యక్కర్లేదు," అన్నాడు.

"ఎవరికండీ?"

"సంబంధించినవాళ్ళకండీ."

ఇంతలో టీ వచ్చింది.

జూన్ 24

నీలం, నారింజ రంగుల్లో మెత్తటి సంచీ కుర్చీలు వచ్చాయి. కూర్చుంటే లేవలేకపోతున్నాను.

సాయంత్రం ఎనిమిదో తరగతి హర్షిత తలుపు దగ్గర ఆగి, లోపలికి చూసింది.

"పుస్తకాలేవి మేడం?"

మెట్లకింద ఉన్నాయన్నాను. ఈ పిల్లది కొల్లేటి మధ్య లంక ఊరు. అమ్మా నాన్నా చేపల చెరువుల మీద కాపలా ఉంటారు. చదువుకోసం ఏలూరులో పెద్దమ్మగారింట్లో పెట్టారు. అసలు పేరు పెద్దింట్లు, వాళ్ళ అమ్మవారి పేరు. ఆ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పొద్దని కిందటేడు నా దగ్గర మాట తీసుకుంది. రెండేళ్ళుగా లాంగ్‌బెల్ కొట్టగానే వచ్చి, నేను తాళం వేసేదాకా కూర్చునేది. వేలు పెట్టి నెమ్మదిగా చదువుతుంది. వర్షం వచ్చినా, పరీక్షలైనా, జ్వరమొచ్చినా అయిదున్నర దాకా కదిలేది కాదు. చదువంటే ఎంత శ్రద్ధో అనుకునేదాన్ని.

"ఇక నాలుగింటికే ఇంటికెళ్ళిపోవాలా మేడం?"

"అవునమ్మా. రూమ్ నాలుగింటికి మూసేస్తారు."

"మీరు కూడా ఉండరా?"

"ఉండను."

తల ఊపింది. సంచీ కుర్చీలో ఒకసారి కూర్చుని చూడవే అంటే వద్దంది.

జూన్ 27, శుక్రవారం

మొదటి ప్రశ్న. నీకు ఎక్కడ ఉంటే హాయిగా ఉంటుంది? అమ్మమ్మగారిల్లు, మేడ మీద, నిద్రలో, సెల్లు చూస్తుంటే. హర్షిత మాత్రం 'ఇదివరకు లైబ్రరీలో' అని రాసింది. జ్ఞానప్రసూనాంబ గారికి చూపించాను. "చూశారా, మీరంటే ఎంత ఇష్టమో," అని నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 4, శుక్రవారం

ప్రశ్న: నిన్ను భయపెట్టేది ఏమిటి?

పిల్లలంతా టకటకా కొట్టేశారు. లెక్కల పరీక్ష. కుక్కలు. బాత్‌రూమ్‌లో బల్లి. హర్షిత ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పీరియడ్ అయిపోయినా లేవలేదు. మిగతావాళ్ళు వెళ్ళాక అడిగింది.

"ఇది ఎవరు చూస్తారు మేడం?"

"నేను తప్ప ఎవరూ చూడరమ్మా."

"నిజంగానా?"

"నిజంగా. నువ్వు రాయి. రాస్తే మనసు తేలికపడుతుంది."

ట్రైనింగ్‌లో అలాగే చెప్పమన్నారు. ఆ పిల్ల రాసింది. చాలాసేపు రాసినట్టనిపించింది గానీ రాసింది మూడు వాక్యాలే.

'మా పెదనాన్న. పెద్దమ్మ షాపుకి వెళ్ళినప్పుడు గదిలోకి వస్తారు. నా గది తలుపు గడియ పీకేశారు.'

ట్యాబ్ నాకిచ్చి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

జూలై 5

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. లాప్‌టాప్ తిప్పి చూపించాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వెంకట్రాజు గారి గురించా ఇది?"

"అవునండీ. వాళ్ళ పెదనాన్నగారే."

ఆయన మా పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు. ఐసు ఫ్యాక్టరీ ఉంది. మనిషి ఎంత మెత్తనంటే ఆయా కూడా ఆయన్ని చూస్తే నవ్వుతుంది.

"పిల్లలు ఏదో ఒకటి రాస్తారండీ. ఈ వయసులో ఊహలెక్కువ. తొందరపడి ఒక కుటుంబాన్ని బజారున పడేస్తామా చెప్పండి? మీరు గమనిస్తూ ఉండండి."

గమనిస్తానని చెప్పాను. గమనించడం కూడా ఒక పనే కదా. ఏమీ చెయ్యకపోవడం కాదు కదా.

జూలై 7

నవ్వే బొమ్మ నొక్కింది.

జూలై 8

నవ్వే బొమ్మే.

జూలై 10

ఈ రోజు కూడా. వరుసగా నాలుగు రోజులు. ఆ పిల్ల పేరు పక్కన నాలుగు ఆకుపచ్చ చుక్కలు. నిజంగా అంత కష్టం ఉంటే నవ్వే బొమ్మ నొక్కుతుందా? గడియ ఊడిపోయి ఉండొచ్చు. మా పెరటి తలుపు గడియా ఊడిపోయింది, ఆరునెలలుగా ఎవరూ పెట్టించలేదు. పెదనాన్న గదిలోకి రావడం కూడా తప్పా? ఫ్యాను ఆపడానికి రావచ్చు.

వరండాలో అడిగాను కూడా. చుట్టూ పిల్లలున్నారు. "బాగున్నావా హర్షితా?"

"బాగున్నాను మేడం."

అడిగాను. చెప్పింది. ఇంకేం చెయ్యను?

జూలై 14, సోమవారం

వెంకట్రాజు వచ్చాడు.

రెండో పీరియడ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో ఫోను. "నమస్కారమండీ మేడం గారూ. కూర్చోవచ్చాండీ?" నేను లేచి నిలబడ్డాను. ఆయన సంచీ కుర్చీలో కూర్చోబోయి మానేసి, స్టూలు లాక్కున్నాడు.

"మా అమ్మాయి రాసింది నా ఫోనుకొచ్చిందండీ."

అర్థం కాలేదు. ఫోను నా వైపు తిప్పాడు. పైన 'చిరునవ్వు' అని ఉంది, పక్కన పసుపు పువ్వు. కింద హర్షిత పేరు. దాని కింద ఆ మూడు వాక్యాలు, ఒక్క అక్షరం మారలేదు. రిపోర్టు గార్డియన్ నంబరుకి రెండు వారాలకొకసారి వెళ్తుందట. అడ్మిషన్ అప్పుడు గార్డియన్‌గా సంతకం పెట్టింది ఈయనే. వాళ్ళమ్మకి అలాంటి ఫోను లేదు.

సంబంధించినవాళ్ళకండీ.

"ఆడపిల్ల కదండీ, ఏవేవో సీరియళ్ళు చూస్తుంది," అన్నాడు. గొంతు ఎంత మెల్లగా ఉందంటే ముందుకి వంగి వినాల్సొచ్చింది. "గడియ తుప్పు పట్టిందండీ. కొత్తది వేయిస్తాను. మీరు పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. మీకు తెలియంది కాదు. పిల్లలు అబద్ధాలాడతారు కదండీ?"

"అవునండీ," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆ మనిషి అడిగిన పద్ధతికి నోట్లోంచి వచ్చేసింది. పొద్దుట్నుంచీ ఆ మాట నాకే వినబడుతోంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వేసుకుంటూ, "మీరు శ్రద్ధ తీసుకుంటున్నందుకు సంతోషమండీ," అన్నాడు.

జూలై 15

రాలేదు.

జూలై 16

రాలేదు. హర్షిత పేరు పక్కన చుక్క బూడిదరంగులో ఉంది.

జూలై 17

యాప్ నాకొక మెసేజ్ పంపింది. 'హర్షిత మూడు రోజులుగా పలకరించలేదు. ఒక చిరునవ్వు పంపండి!' కింద పంపు అనే బొత్తాం ఉంది.

అన్నం సహించలేదు. ఒంట్లో బాగోలేదా అని మా ఆయన అడిగారు. ఎసిడిటీ అన్నాను.

జూలై 19, శనివారం

పవర్‌పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. వెంకట్రాజు ఫ్యాక్టరీకి వెళ్ళే వేళ చూసుకునే వెళ్ళాను. పెద్దమ్మ రత్నాంబ తలుపు తీసింది. చేపల మేత అమ్మే షాపు ఆవిడే చూసుకుంటుంది. చేతులు ఇంకా ఆ వాసనే. లోపలికి రమ్మనలేదు.

"హర్షితకి ఒంట్లో ఎలా ఉందండీ?"

"ఊరికి పంపించేశామండీ. నాలుగు రోజులైంది."

ఇక వెళ్ళమన్నట్టు తలుపు పట్టుకుంది. నేను వెనక్కి తిరిగాక గొంతు తగ్గించి పిలిచింది.

"ఏవండీ, అది ఆయన ఫోనుకి ఎందుకు పంపారండీ?"

"నేను పంపలేదండీ, అదే వెళ్ళింది."

"నాకు పంపాల్సింది." కళ్ళు నేల మీదే ఉన్నాయి. "నాకెప్పుడూ చెప్పలేదండీ ఆ పిల్ల. నేనూ అడగలేదు."

తలుపు వేసేసింది. మెట్లు దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. నిజం రాసుకోవాలి కదా ఇక్కడైనా. పిల్ల తల్లి దగ్గరికి చేరింది, నాతో పనిలేకుండానే అంతా సర్దుకుంది అనుకున్నాను. రిక్షా కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను.

జూలై 20, ఆదివారం

చర్చిలో పాటలప్పుడు పెదవులు కదిపాను.

జూలై 21

సర్దుకోలేదు.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. వచ్చే సోమవారం వెంకట్రాజు గారే స్వయంగా వెళ్ళి పిల్లని తీసుకొచ్చేస్తారట. యథాప్రకారం వాళ్ళింట్లోనే. "పిల్ల వాళ్ళమ్మకి కూడా నచ్చజెప్పారట, చదువు పాడవుతుందని. అంతా శుభంగా తేలిపోయింది. ఇక ఆ ఎంట్రీ ఒక్కటీ తీసేయండి. ఇన్‌స్పెక్షన్‌లో ఎవరైనా చూస్తే స్కూలుకి మాట."

"తీసేయొచ్చాండీ అలా?"

"మీ పాస్‌వర్డే కదండీ."

గదికొచ్చాను. ఆ మూడు వాక్యాలు తెరిచాను. ఫోనుతో ఫోటో తీశాను. ఎందుకు తీశానో తెలియదు. తెలుసు. తరవాత డిలీట్ నొక్కాను. 'ఖచ్చితంగా తీసేయాలా?' అని అడిగింది. అవును నొక్కాను.

జూలై 22

ఈ రోజు ఏమీ చెయ్యలేదు. సోమవారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

జూలై 23

మా ఆయనకి అంతా చెప్పాను. కాఫీ గ్లాసు పట్టుకుని విన్నారు, తాగలేదు. ఫోటో చూశారు.

"ఇది పోలీసులకి చెప్పాల్సింది కదా విక్టోరియా."

"ప్రిన్సిపాల్ గారికి చెప్పానండీ."

"ఆవిడ పోలీసా?"

"ఉద్యోగం పోతుందండీ."

"పోతుంది," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, స్క్రూడ్రైవరు వెతికి, మా పెరటి తలుపుకి గడియ బిగించడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు వింటూ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. ఓపికగా అన్నీ అడిగి రాసుకుంది. పిల్ల పేరు, తరగతి, ఊరు, ఆ మనిషి పేరు.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"జూలై నాలుగున."

రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఈ రోజు ఇరవైమూడండీ," అంది.

జూలై 25, శుక్రవారం

హెల్ప్‌లైన్ వాళ్ళు నిన్ననే లంకకి వెళ్ళారట. ఇద్దరు ఆఫీసర్లు, ఒక మహిళా కానిస్టేబులు. సాయంత్రం నాకు ఫోన్ చేశారు. పిల్ల ఏమీ చెప్పలేదట. 'నేనే అబద్ధం రాశాను' అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ అందట. మళ్ళీ ప్రయత్నిస్తాం, సోమవారం తల్లితో పాటు ఏలూరులో మా ఆఫీసుకి పిలిపిస్తున్నాం అన్నారు.

స్కూల్లో నేనే చెప్పానని తెలిసిపోయింది. గది తాళంచెవులు తీసేసుకున్నారు. జ్ఞానప్రసూనాంబ గారు నా మొహం చూడలేదు. "మిమ్మల్ని ఇంటి మనిషిలా చూశానండీ," అన్నారు, గోడ మీద గడియారంతో అన్నట్టు.

ఈ వారం ప్రశ్న ఏమిటో చూడలేదు.

జూలై 26, శనివారం

కైకలూరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. ఆటో పోలేని చోట చెరువుగట్టు మీద నడక. రెండు పక్కలా చెరువులే, నీళ్ళని చిలికే యంత్రాల చప్పుడు. తెల్లగా పెద్ద పెద్ద పక్షులు తలెత్తి చూసి మళ్ళీ దించేసుకున్నాయి. ఎవరిని అడిగినా దారి చెప్పారు గానీ ఎందుకని మాత్రం అడగలేదు. ఊరందరికీ తెలిసినట్టే ఉంది.

కాపలా పాక. హర్షిత గుమ్మంలో వలకి ముడులు వేస్తోంది. నన్ను చూసి లేవలేదు. స్కూల్లో అయితే గభాల్న లేచేది. తల్లి మంగ, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి, దూరంగా నిలబడింది.

"ఆ ఆఫీసర్లకి ఎందుకు చెప్పలేదమ్మా?"

ముడి వేయడం ఆపలేదు. "మీకు చెప్తే ఆయనకి తెలిసింది. వాళ్ళకి చెప్తే ఎవరికి తెలుస్తుంది మేడం?"

నేను గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఆయన ఆ రోజు ఫోను తెచ్చి నా ముందు చదివారు," అంది. "గట్టిగా. ఒక్కొక్క మాటా. చదివాక, ఇంకేమైనా రాస్తావా తల్లీ అన్నారు."

తల్లి అటు తిరిగిపోయింది.

అప్పుడు చెప్పేశాను, తల్లికి వినబడేలా. ఆ రోజు పిల్లకి నేను ఇచ్చిన మాట. ఆ రిపోర్టులు ఎక్కడికి వెళ్తాయో కనుక్కోకపోవడం. చదివి పంతొమ్మిది రోజులు ఊరుకోవడం. నవ్వే బొమ్మలు లెక్కపెట్టడం. పిల్లలు అబద్ధాలాడతారా అని ఆ మనిషి అడిగితే అవునండీ అనడం. డిలీట్ నొక్కడం. చెప్పుకుంటూ పోయాను. వింటున్నారో లేదో తెలియలేదు.

మంగ తిరిగి చూసింది. "మా అక్క మొగుడండీ," అంది. "ఈ పాక వేయించింది ఆయనే. ఈ పని ఇప్పించింది ఆయనే. ఏం చెయ్యమంటారండీ?"

తెలియదన్నాను.

హర్షిత వల పక్కన పెట్టింది. "ఇప్పుడు మాకు చెప్పారు కదా, ఇదంతా అక్కడ కూడా చెప్తారా మేడం? మీరేం చేశారో కూడా?"

"చెప్తాను."

"నాకంటే ముందు?"

"నీకంటే ముందే."

మళ్ళీ వల తీసుకుంది. తిరిగొచ్చేటప్పుడు గట్టు చివరిదాకా మంగ నా వెనకే వచ్చింది.

జూలై 27

నాలుగు పేజీలు రాశాను. మా ఆయన చదివి ఒకచోట తప్పు దిద్దారు. 'మర్చిపోయాను' అని రాసిన చోట కొట్టేసి, 'చెప్పలేదు' అని రాశారు.

జూలై 28, సోమవారం

ఏలూరు ఆఫీసులో పదింటికల్లా ఉన్నాను. మంగ, హర్షిత కైకలూరు బస్సులో వచ్చారు. హర్షిత స్కూలు చెప్పులే వేసుకుంది. ముందు నన్ను పిలిచారు. నాలుగు పేజీలూ చదివించారు. తారీకులు రెండుసార్లు అడిగారు. ఫోటో తీసుకున్నారు. నా మీద కూడా చర్య ఉండొచ్చని ఒకావిడ చెప్పింది, కోపంగా కాదు. సరేనన్నాను. బయటికొచ్చాక హర్షిత నా మొహంలోకి చూసింది. తల ఊపాను. తల్లి చెయ్యి వదిలి తనొక్కతే లోపలికి వెళ్ళింది. మహిళా కానిస్టేబులు తలుపు వేసింది.

వరండాలో ఒకటే బెంచీ. దాని మీద వెంకట్రాజు ఉన్నాడు, అతన్నీ పిలిపించారట. తెల్లచొక్కా, మడత నలగలేదు. పక్కన ఎవరో లాయరు. రత్నాంబ రాలేదు. నన్ను చూడగానే లేచి, చేతి రుమాలుతో బెంచీ దులిపాడు.

"కూర్చోండి మేడం గారూ. ఎండగా ఉంది."

నేను నిలబడే ఉన్నాను. మంగ నా పక్కకి వచ్చి నిలబడింది.

ఇరవై నిమిషాలు. అరగంట. లోపలి నుంచి ఏమీ వినబడలేదు. మళ్ళీ అబద్ధమనే చెప్తోందేమో అనుకున్నాను. అబద్ధమని చెప్పడానికి ఇంతసేపు పట్టదు కదా అనుకున్నాను. ఆయన ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి లాయరుతో ఏదో అని నవ్వాడు. గంటయ్యింది. మంగ చీర చెంగు వేలికి చుట్టుకుని విప్పుతోంది, చుట్టుకుని విప్పుతోంది.

గంటన్నరకి తలుపు తెరుచుకుంది. కానిస్టేబులు ఒక్కతే వచ్చింది. చేతిలో కాగితాలు. నన్ను కాదు, మంగని కాదు, వరండా అంతా చూసింది.

"వెంకట్రాజు ఎవరండీ?"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా సర్దుకుని లేచాడు.

"నేనేనండీ," అన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా.

ఆవిడకి వినబడలేదు. "గట్టిగా చెప్పండి," అంది.